కాయక్: వేట పడవ నుంచి విడిది సరస్సు దాకా

ఉత్తర అమెరికాలో వేసవి విడిది ఇంటి ముందున్న సరస్సు మీద, గాలి లేని ఉదయాన ఒంటరిగా కాయక్ నడపడం నేడు విశ్రాంతికి మారుపేరుగా చలామణీ అవుతున్నప్పటికీ, ఆ పడవకు అసలు పని వేట. గ్రీన్‌లాండ్ నుంచి అలాస్కా, అలూషియన్ దీవుల వరకు విస్తరించిన ఆర్కిటిక్ తీరవాసులు సీలు వంటి సముద్ర జంతువులను చప్పుడు కాకుండా సమీపించడానికి దానిని తరతరాలుగా తీర్చిదిద్దుకున్నారు.

చెట్లు పెరగని ఆ తీరాల్లో కలప అంటే అలలు ఒడ్డుకు తెచ్చి పడేసిన దుంగలే కాబట్టి, వాటిని చీల్చి, తోలు పట్టీలతోను కొయ్య మేకులతోను బిగించి సన్నని చట్రం కట్టి, దానిపై సీలు చర్మం తొడిగేవారు. కొలబద్ద వేటగాడి శరీరమే. గ్రీన్‌లాండ్‌లో పడవ పొడవు అతడు చాచిన చేతుల నిడివికి సుమారు మూడింతలు, వెడల్పు అతని తుంటికి రెండు పిడికిళ్లు కలిపినంత ఉండేది గనుక ఒకరి కాయక్ మరొకరికి సరిగా అమరేది కాదు. చర్మం కుట్టే పని స్త్రీలది. తోలు అంచులను ఒకదానిపై ఒకటి వేసి, సూది మందాన్ని సగం వరకే తొలిచి అవతలి వైపు పైకి తేలకుండా, జంతువుల నరాలతో పేనిన దారంతో కుట్టేవారు. తడికి దారం ఉబ్బి కుట్టు మరింత బిగుసుకునేది. వేటగాడి ధైర్యాన్ని వర్ణించడానికి పుటలు కేటాయించిన యాత్రికులు ఈ కుట్టుకు అంత చోటు ఇవ్వకపోవడం అన్యాయమే, ఎందుకంటే ఆ ధైర్యం నిలిచింది దాని మీదే.

చట్రానికి తోలు కప్పే పద్ధతి తెలుగు నేలకు కొత్తది కాదు. తుంగభద్ర, కృష్ణా నదులపై తిరిగిన పుట్టి, అంటే వెదురు అల్లికకు తోలు తొడిగిన గుండ్రని పడవ, 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పాయిస్ వర్ణనలోనూ ఉంది. అయితే పుట్టి జనాన్ని, సరుకును ఏరు దాటిస్తే, గ్రీన్‌లాండ్ కాయక్‌లో ఒక్క మనిషికే చోటు.

ఆ ఒంటరితనానికి ఒక మూల్యం ఉండేది. పశ్చిమ గ్రీన్‌లాండ్‌లో 19వ శతాబ్దపు డేనిష్ వైద్యులు ‘కాయక్ భయం’ అనే రుగ్మతను నమోదు చేశారు. గాలి పూర్తిగా ఆగి, నీరు అద్దంలా మారి, ఎండ ముఖాన పడుతున్న వేళ సీలు కోసం కదలకుండా కూర్చున్న వేటగాడికి, నీటికీ ఆకాశానికీ మధ్య గీత చెరిగిపోయి, పడవ ఒరుగుతున్నట్టు, చలి కాళ్లలోంచి పైకి పాకుతున్నట్టు తోచి, తెడ్డు కదపలేని స్థితి వచ్చేది. చిన్న అల లేచినా, మరో కాయక్ వచ్చి పక్కన నిలిచినా అది తగ్గేది. కొందరు కాఫీని, పొగాకును నిందించారు గాని, చూపుకు ఆధారం దొరకనప్పుడు మనిషి సమతూకం తప్పుతాడన్న తరువాతి వివరణే సబబుగా కనిపిస్తుంది. ఈ భయం పట్టుకున్న కొందరు వేటనే మానుకోవలసి వచ్చింది. వేట మానిన ఇంట తిండికి కరవే. అదే నిశ్చలతను సెలవుల్లో వెతుక్కుంటూ వెళ్లే ఆచారం మరొక సమాజంలో, మరొక అవసరంతో తలెత్తింది.

1865లో లండన్ న్యాయవాది జాన్ మాక్‌గ్రెగర్ ఓక్ చెక్కతో పైకప్పు గల చిన్న పడవ చేయించి, ‘రాబ్ రాయ్’ అని పేరు పెట్టి, రెండు వైపులా రెక్కలున్న తెడ్డుతో ఐరోపా నదుల మీదా సరస్సుల మీదా తిరిగి, మరుసటి ఏడాది ఆ యాత్రను పుస్తకంగా వెలువరించాడు. అమెరికాలో 1880లో న్యూయార్క్ రాష్ట్రంలోని లేక్ జార్జ్ ఒడ్డున అమెరికన్ కానూ అసోసియేషన్ ఏర్పడింది. 1905లో మ్యూనిక్ విద్యార్థి ఆల్‌ఫ్రెడ్ హోయిరిష్ విడదీసి సంచుల్లో పెట్టుకోగల కాయక్‌ను రూపొందించగా, రోజెన్‌హైమ్ దర్జీ యోహాన్ క్లెపర్ దాని హక్కులు కొని తయారీకి దిగాడు. రైలెక్కి సరస్సుకు వెళ్లి పడవ బిగించుకోవడం నగరవాసికి సాధ్యమైంది. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఈ మడత పడవలకు వేరుగా పోటీలు కూడా జరిగాయి.

విడిది ఇళ్ల చరిత్ర ఇంకో దారిలో నడిచింది. కెనడాలోని ఆంటారియో ప్రభుత్వం 1868 చట్టంతో మస్కోకా ప్రాంతంలో రైతులకు ఉచితంగా భూములిచ్చింది గాని, పలుచని మట్టి కింద బండరాయి ఉన్న ఆ నేల సేద్యానికి పెద్దగా లొంగలేదు. 1866 నుంచి అక్కడి సరస్సులపై ఆవిరి పడవలు తిరుగుతుండగా, 1875లో రైలు గ్రేవెన్‌హర్స్ట్ చేరడంతో పంట పండని ఒడ్డుకు పట్నవాసుల రూపంలో గిరాకీ వచ్చింది. ఆ ఒడ్డున చాలాకాలం రాజ్యమేలినది పైకప్పు లేని కానూయే. 1970ల నుంచి అచ్చులో పోసిన ప్లాస్టిక్ కాయక్‌లు చవకగా దొరకడంతో, ఎవరి కొలతకూ తయారుకాని, ఎవరైనా ఎక్కగల పడవలు విడిది ఇళ్ల రేవుల్లో చేరాయి.

గ్రీన్‌లాండ్‌లో మోటారు పడవలు వచ్చాక కాయక్ వేట చాలావరకు సన్నగిల్లింది. ఉత్తరాన కానాక్ ప్రాంతంలో మాత్రం, ఒంటి కొమ్ము తిమింగలమైన నార్వాల్ ఇంజను చప్పుడుకు బెదిరిపోతుంది గనుకను, తూటా తగిలి మునిగిపోతే వేట వృథా అవుతుంది గనుకను, తుపాకీ పేల్చడానికి ముందు కాయక్ నుంచి హార్పూన్‌తో, అంటే తాడు కట్టిన ఈటెతో, దానిని పొడవాలన్న నియమాన్ని స్థానిక వేటగాళ్లు పాటిస్తున్నారు.