కొలిమి, తిత్తి, ఒక పాత మాట

కమ్మరి పనిశాలను ఇంగ్లీషులో స్మితీ అంటారు. పాత ఇంగ్లీషులో స్మిథ్థె, పాత నార్స్‌లో స్మిద్యా, జర్మన్‌లో ష్మీడె. వీటన్నిటికీ తల్లి ప్రోటో జర్మానిక్ మాట స్మిథ్యో. అది ఏ రాతలోనూ దొరకదు. బిడ్డ భాషల్ని పోల్చి పండితులు కట్టిన రూపం, అందుకే దాని ముందు నక్షత్రం గుర్తు పెడతారు.

స్మిథ్ అంటే మొదట్లో ఇనుము పనివాడొక్కడే కాదు, చేతిపనివాడెవడైనా స్మిథే. ఐస్‌లాండ్ భాషలో నేటికీ వడ్రంగిని చెక్క స్మిథ్ అన్నట్టే పిలుస్తారు. అంటే పనివాడి పేరే పనిశాలకు వచ్చింది. ఇంగ్లండ్, అమెరికాల్లో అందరికంటే ఎక్కువమందికున్న ఇంటిపేరూ అదే. ప్రొఫెసరైనా స్మిథే, దాచుకోడు. ఇక్కడ ఇంటిపేరు అడిగేది దేనికో మీకు తెలుసు.

నేను ఆగేది ఇంకో మాట దగ్గర. ఆ పనిశాలలో గాలి ఊదేది బెల్లోస్. దాని మూలం బల్గిజ్, తోలు సంచి. పొట్టను చెప్పే బెల్లీ కూడా అందులోంచే పుట్టింది. మన కొలిమి తిత్తీ తోలు సంచే. ("తిత్తి తీస్తా" అని బెదిరించేది ఊరికే కాదు.) తిత్తి ఊదకపోతే ఇనుము ఎర్రబడదు, నాగలికి కర్రు లేదు. కొలిమి ఊళ్లో ఉంది. లందలో ఆ తోలును పదును చేసిన మాదిగ ఊరి బయట ఉన్నాడు. కులవృత్తుల చరిత్రలు కొలిమి గురించి పేజీలు రాస్తాయి, తిత్తి తోలు ఎవరిచ్చారో అడగవు.

వచ్చే భాగంలో లంద గురించి.