అరుగుమీది యాటలు

చరిత్ర యనగానే రాజులు, యుద్ధములు, శాసనములు మనకు స్ఫురించును. బడిలో నేనును ముప్పదియేండ్లు అట్లే చెప్పితిని. నేడు మాత్రము చింతగింజల చరిత్ర చెప్పదలచితిని.

మా యూరి శివాలయపు ముఖమండపమున రాతినేలమీద గీతలపట మొకటి చెక్కబడియున్నది. పైన నొక మొన; అందుండి దిగువకు విప్పారిన నాలుగు గీతలు; వానిని కోసికొనిపోవు మూడడ్డగీతలు. ఒకనాడు పొరుగూరి చిన్నవాడొకడు అది యేదో మహిమగల యంత్రమని తలచి, పసుపు కుంకుమలు చల్లి, మూడుసారులు ప్రదక్షిణము చేసిపోయెను. అది పులిజూదపు పటము. మొనయొద్ద నొక స్థానము, అడ్డగీత కారు చొప్పున పదునెనిమిది, అడుగున నాలుగు. వెరసి యిరువదిమూడు స్థానములు. మూడు పులులు, పదునైదు మేకలు. పులి మేకను దాటి ఆవలి ఖాళీస్థానమున దూకిన మేక చచ్చును. మేకకు దూకుట లేదు, చంపుట లేదు. గుంపుగ నిలిచి పులికి కదలుటకు చోటు లేకుండ జేయుటయే దాని బలము. నేపాళదేశమున నిదే తీరు ఆటలో నాలుగు పులులు, ఇరువది మేకలు; పటమున నిరువదియైదు స్థానములు.

హంపీ శిథిలములలో రాతినేలలమీద నిట్టి పటము లనేకము కలవు. వానిని చూచి మనవారు తొందరపడి ‘ఇవి రాయలనాటి యాట’లని వ్రాయుదురు. అది తర్కమునకు నిలువదు. గుడి యెప్పటిదో పట మప్పటిదే కానక్కరలేదు. గుడి కట్టిన కాసెవాడు చెక్కియుండవచ్చును. మున్నూరేండ్ల తరువాత వానకు తల దాచుకొన్న పశులకాపరి చెక్కియుండవచ్చును. రాయి తన వయస్సు చెప్పును గాని గీత వయస్సు చెప్పదు. ఒక్కటి మాత్రము నిశ్చయము: అచ్చట కూర్చుండి యెవరో ఆడిరి, ఎవరో చూచి నేర్చిరి.

గ్రంథములు వెదకినచో మొదట జూదమే కనబడును. ఋగ్వేదము పదియవ మండలమున నక్షసూక్త మున్నది. నాటి యక్షములు తానికాయలు. ఓడిన జూదరి దుఃఖమే ఆ సూక్తమునకు విషయము. భారతకథ మీ రెఱిగినదే. ఈ రెండిటివలన పాచికల కపకీర్తి వచ్చి, ఆ యపకీర్తి పందెము లేని పిల్లల యాటలకును సోకినది. నేను బడిలో చేసిన పని యిదియే. పిల్లల జేబులనుండి చింతగింజలు లాగి, కిటికీలోనుండి పారవేసితిని. ‘జూదమురా యిది!’ యని బెత్తమును చూపితిని. వారు పందెమున కాడలేదని నాకు తెలియును. తెలిసియు చేసితిని.

మన కావ్యములలో నాటల ప్రసక్తి లేకపోలేదు. పదుమూడవ శతాబ్దమువాడగు పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున వానిని పేర్కొనెను. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో ప్రకటించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో నిట్టివానిని మిక్కిలి శ్రమచేసి కూర్చిరి. ఆ పేర్లలో కొన్నింటిని నే నెఱుగుదును. కొన్ని యెట్లాడుదురో చెప్పగలవారు నాకు నేటివరకు కనబడలేదు. పేరు పుస్తకమున నిలిచినది, ఆట మాత్రము ముసలివారితోడనే పోయినది.

అష్టాచెమ్మ మీ యిండ్లలో నింకను గలదనుకొందును. ఐదింటి నైదు గళ్లు సుద్దతో గీయుడు. గవ్వలు లేకున్న రెండు చింతగింజలను అడ్డముగ చీల్చుటకంటె, నాలుగింటిని రాతిమీద నొకప్రక్క అరగదీయుట మేలు. ఒకవైపు తెలుపు, ఒకవైపు నలుపు తేలును. ఈ యరగదీయు పని మనుమలకే యీయుడు. ఆటకంటె వారికిదే ప్రియము. నాలుగును తెల్లగ పడిన చెమ్మ, అనగా నాలుగు. నాలుగును నల్లగ పడిన నష్ట, అనగా నెనిమిది. దీని పెద్దయన్న పచ్చీసు. ఫతేపూరు సిక్రీలో అక్బరు కోటలోపల రాతిపఱపుమీద పచ్చీసు గళ్లు నేటికిని కాననగును. అబుల్ ఫజలు ఐనీ అక్బరీలో చౌపరాటను వర్ణించెను. ఆ పచ్చీసే సముద్రము దాటి అమెరికాలో ‘పార్చీసీ’ యయ్యెను. ఇంగ్లండులో 1896న ‘లూడో’ యను పేర హక్కుపత్రము పొందెను. పుణ్యపాపములు చూపు మన వైకుంఠపాళియు 1892 ప్రాంతమున అచ్చటికి పోయి, సోపానములును పాములును మిగిలి, వైకుంఠము లేని యాటయైనది. ఇప్పుడు మనవారు సంతలో వెలపెట్టి లూడో యట్ట కొని తెచ్చి, అష్టాచెమ్మ పల్లెటూరివారిది యందురు. నవ్వవలెనో యేడ్వవలెనో తెలియదు.

ఇక వామనగుంటలు. వరుస కేడు చొప్పున రెండు వరుసలు, పదునాలుగు గుంటలు. కొయ్యపీట లేకున్న నేలలో పిడికిటితో నదిమిన చాలును. ఒక గుంటలోని గింజలు తీసి, ముందరి గుంటల నొక్కొక్కటి వేసికొనుచు పోవుట. చేతివి తీరినపుడు తరువాతి గుంటలోనివి తీయుట. అది ఖాళీయైన, దాని యావలిది గెలుచుకొనుట. ఈ యాటకు చుట్టములు మెండు. తమిళుల పల్లాంగుழி, తుళువుల చెన్నెమణె, సింహళమున ఓలిందకెళియ. ఓలింద యనగా మన గురిగింజయే. దానిపేరే యాటకు వచ్చినది. (గురిగింజలు చిన్నబిడ్డల చేతి కీయకుడు. పొట్టు పగిలి కడుపులో పడినచో ప్రాణాంతకమగు విషము. చింతగింజలే క్షేమము.) ఆఫ్రికాలో ఘానాదేశమువారు పండ్రెండు గుంటలతో, నలువదియెనిమిది గింజలతో ‘ఓవారె’ యాడుదురు. అమెరికా పండితుడు స్టూవర్టు క్యూలిను 1894లోనే యీ వంశమును గూర్చి వ్యాసము వ్రాసెను. గింజలను లెక్కపెట్టి విత్తుట పెక్కుజాతుల కొక్కటే యాటయైనది.

మా నాయనమ్మ యొద్ద పనసచెక్కతో చేసిన పాతపీట యొకటి యుండెడిది. మధ్యాహ్నము భోజనములైన పిమ్మట నాతో రెండాటలాడి, నేను నిద్రపోవగా తానొక్కతె ఆడుకొనెడిది. ఒంటరిగ నాడు తీరున కామె యేదో పేరు చెప్పెను. తమిళదేశమున నిట్టి ఒంటరియాటకు సీతపేరు కలదు. అశోకవనమున నామె యట్లాడెనని వారందురు. నేను కన్నులు సగము మూసికొని చూచుచుండెడివాడను. గింజలు గుంటనుండి గుంటకు తిరిగి తిరిగి, కడపట మొదట నున్నట్లే యన్నిగుంటలలో తిరిగి కూడుకొనెడివి. అపుడామె పీట మూసి లేచెడిది. మొదట గుంట కెన్ని గింజలు పెట్టెనో నే నడుగలేదు. నాకు తొమ్మిదవయేట నామె గతించెను. నలుబదియేండ్ల తరువాత అడుగవలెనని తోచి, పండ్రెండూళ్లు తిరిగితిని. ఎవ్వరు చెప్పలేదు.

బొమ్మల సంగతి యొకమాట. వేసవిలో ముంజలు తిన్న తరువాత రెండు తాటికాయలను నడుమ పుల్లతో కూర్చి, పంగలకఱ్ఱతో ద్రోయు బండి మన పిల్లలకు క్రొత్తది కాదు. హరప్పా, మొహెంజొదారోలలో క్రీస్తుపూర్వము రెండువేల యేండ్లకు ముందటి మట్టిబండ్లు, చిన్నచక్రములతోడివి, త్రవ్వకములలో దొరకినవి. శూద్రకుని మృచ్ఛకటికమున చారుదత్తుని కుమారుడు మట్టిబండి వలదని, బంగారుబండి కావలెనని యేడ్చును. వసంతసేన తన నగలతో దానిని నింపును. నాటకపు పేరే యా మట్టిబండిది. మా మనుమనికి నే నీ కథ చెప్పగా, వాడు ‘మట్టిబండి తిరుగునా?’ యని యడిగెను. ఇరుసు సన్నమై, చక్రపురంధ్రము కొంచెము పెద్దదైన తిరుగును. మేమిద్దరము చేసి చూచితిమి. మొదటిది విఱిగెను, మూడవది తిరిగెను.

ఈ వేసవిని వానిచేత నొక నోటుపుస్తకము పట్టించితిని. మండపముకడ పులిజూదమునకు ముసలివారు వచ్చిన, వారి యాటపద్ధతి వాడు వ్రాసికొనవలెను. మేకలన్నియు దిగకముందే పులి చంపవచ్చునని మా యూరివారందురు. కూడదని యేటి కావలివారందురు. ఇరువురును గొంతెత్తి వాదించిరి. వాడు రెండును వ్రాసి, ప్రక్కన నూరిపేరు వేసెను. పుస్తకమున నిప్పటికి పదునొకండు పుటలు నిండినవి. ఒకపుటలో పదునాలుగు గుంటలు గీసి, పైన ‘తాతగారి నాయనమ్మ యాట’ యని వ్రాసి, గింజల సంఖ్య కుండవలసిన చోటు విడిచియుంచెను. మీలో నెవరికైన తెలిసియున్న, ఒక కార్డు వ్రాసిన చాలును.