ముంగిటి దీపమునకు రంగు తొడుగు

బోధనులో మా యింటి ముంగిట నొక తెల్లని ఎల్.ఇ.డి. దీపము గలదు. దానికి స్వచ్ఛమైన ప్లాస్టిక్కు తొడుగు. ఒక రాత్రి మా మేనమామ మెట్లు దిగుచు తూలి, గోడ పట్టుకొని నిలిచెను. “వెలుగే కానొస్తున్నదిరా, మెట్టు కానొస్తలేదు” అనెను. ఆ మాట నన్ను దీపముల చరిత్ర విచారింపజేసినది.

1923 మొదలు 1931 వరకు మంజీరపై నిజాంసాగరము నిర్మింపబడెను. ఆ నీట చెరకు పెరిగెను. 1937లో బోధనున చక్కెర కర్మాగారము వెలసెను. 2015లో అది మూతపడినది. ఆ కర్మాగారము వెలసిన నాటి విద్యుద్దీపములలో కాగిన తీగె వెలుగుచుండెను. ఆ కాంతి పసుపువన్నెది. నేటి తెల్లదీపము పుట్టుక వేరు. నీలికాంతి నిచ్చు ఎల్.ఇ.డి.ని సాధించినందుకు అకసాకి, అమానో, నకమురా అను మువ్వురకు 2014లో నోబెల్ బహుమాన మొసగబడెను. ఆ నీలికాంతిపై పసుపుకాంతి నిచ్చు పూత వేసి తెలుపు కలిగింతురు. కాని నీలము కొంత మిగిలియే యుండును. అది పురుగులను మిక్కిలి ఆకర్షించును. కంటికటకము మసకబారిన వృద్ధులకు తీక్ష్ణమగు వెలుగు చెదరి మిరుమిట్లు గొలుపును.

దీపమునకు మరుగు క్రొత్తది కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసెను. ఆ యుద్ధకాలమున తీరపట్టణములవారు శత్రువు కంటబడకుండ దీపములను కప్పిరి. నేడు మన కన్నులకొరకే మరుగు కావలసివచ్చినది.

ఒకప్పటి రైలు గార్డు చేతిలాంతరు మీరెరిగినదే. లోపలి దీప మొక్కటే. ఎర్రయద్దము త్రిప్పిన నెరుపు, పచ్చయద్దము త్రిప్పిన పచ్చన. అద్దము రంగును చేర్చదు. తక్కిన రంగుల నాపి తనదానిని మాత్రమే పోనిచ్చును. తేనెవన్నె తొడుగును నీలమును అట్లే ఆపును.

నేను విద్యుత్తు ఆపి, తొడుగు విప్పి, కడిగి ఆరబెట్టితిని. నీటితో కలియు పారదర్శకమగు తేనెవన్నె రంగును లోపలివైపు పలుచగా పూసి, పూర్తిగా ఆరనిచ్చితిని. థిన్నరు కలిసిన రంగు ప్లాస్టిక్కును బీటలు వార్చును. కావున దానిని వాడరాదు. గాలి పోవు రంధ్రములను మూయరాదు. మిక్కిలి వేడెక్కు పాతబల్బుల తొడుగులకు ఈ పని తగదు. రంగొక్కటియే చాలదు గనుక, దీపమును కంటికెదురుగాక నేలవైపు త్రిప్పితిని.

వెలుగు కొంత తగ్గినది. ఆ రాత్రి మా మేనమామ గోడ పట్టుకొనక మెట్లు దిగెను.