హ్వాకీన్ సొరోయా: 70 మీటర్ల స్పెయిన్

స్పెయిన్ చిత్రకారులనగానే మనవాళ్ళకు పికాసో గుర్తుకొస్తాడు, కాదంటే గోయా. హ్వాకీన్ సొరోయా పేరెత్తేవారు తక్కువ. ఎత్తినా, ఎండను గీసినవాడని ఒక్క ముక్కతో సరిపెడతారు. అది అబద్ధం కాదు గాని, ఆ ఎండలో నిలబడి అతను మోసిన బరువు సంగతి నాకు అంతకంటె ముఖ్యంగా తోస్తుంది.

1863లో తూర్పుతీరాన వాలెన్సియాలో పుట్టాడు. రెండేళ్ళ వయసులోనే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. తల్లి తోబుట్టువు, తాళాల పని చేసే ఆమె భర్త పెంచి పెద్దచేశారు. ఆంటోనియో గార్సియా అనే ఫొటోగ్రాఫరు దగ్గర పనిచేస్తూ, 1888లో ఆయన కూతురు క్లోటిల్డేను పెళ్ళాడాడు. 1890లో మాడ్రిడ్‌లో కాపురం పెట్టినా, వీలైనప్పుడల్లా వాలెన్సియా సముద్రపుటొడ్డుకు పరుగెత్తేవాడు.

ఇంప్రెషనిస్టు అంటారు గాని, నాకు ఒక తేడా కనిపిస్తుంది. ఫ్రెంచివారి బొమ్మల్లో ఎండ సోకితే మనిషి కరిగిపోతాడు. ఇతని బొమ్మల్లో ఎముకా కండా అలాగే ఉంటాయి. ప్రాడో మ్యూజియంలో వెలాస్కెజ్ ముందు కూర్చుని నేర్చిన చదువది. 1899లో గీసిన 'విషాద వారసత్వం' చూడండి: అవిటి పిల్లలు సముద్రస్నానానికి దిగుతుంటే నల్లని అంగీ తొడిగిన సన్యాసి ఒకడు ఆసరా ఇస్తాడు. 1900 పారిస్ ప్రదర్శనలో దానికి అత్యున్నత బహుమతి వచ్చింది. ఆ తర్వాత అంత దుఃఖం జోలికి అతను మళ్ళీ వెళ్ళలేదు.

1909లో న్యూయార్కులోని హిస్పానిక్ సొసైటీలో ఒక నెలపాటు జరిగిన ప్రదర్శనకు సుమారు 1,60,000 మంది వచ్చారు. దాని స్థాపకుడు ఆర్చర్ హంటింగ్టన్ 1911లో ఒప్పందం రాయించుకున్నాడు. ఆయన మనసులో ఉన్నది స్పెయిన్ చరిత్ర. సొరోయా రాజులూ యుద్ధాలూ వద్దన్నాడు. ఏ ప్రాంతపు జనాన్ని ఆ ప్రాంతపు కట్టుబొట్టులో, పనిపాటల్లో గీస్తానన్నాడు. పొరుగు భాషల నడుమ బతికే మనం ఇక్కడ కాస్త ఆగాలి. బాస్కు, కతలాన్, గలీసియన్, తన వాలెన్సియా - ఎవరి నుడి వారిది. వీరందరినీ ఒక్క గదిలో కూర్చోబెట్టాలన్న ఆశ అది.

అయితే ఆ గదిలో పండుగలు ఎక్కువే. కర్మాగారాల స్పెయిన్ కనబడదు. ఈ లోటు ఒప్పుకోవలసిందే.

14 చిత్రాలు. అన్నీ కలిపి పొడవు దాదాపు 70 మీటర్లు, ఎత్తు మూడున్నర. కాస్టీల్ రొట్టెల పండుగ ఒక్కటే 14 మీటర్ల దాకా ఉంటుంది. ఎక్కువ భాగం ఆరుబయటే గీశాడు. ఊరూరూ తిరుగుతూ, భార్యాబిడ్డలకు దూరంగా, క్లోటిల్డేకు ఉత్తరాలు రాస్తూ 1919లో అయామోంతె చేపలరేవు చిత్రంతో ముగించాడు. అప్పటికే మనిషి బాగా నలిగిపోయాడు.

మరుసటి ఏడు జూన్‌లో మాడ్రిడ్ ఇంటి తోటలో ఒక రచయిత భార్య బొమ్మ గీస్తుండగా పక్షవాతం వచ్చింది. మళ్ళీ కుంచె పట్టలేకపోయాడు. 1923 ఆగస్టులో పోయాడు. న్యూయార్కులో ఆ గది తెరిచింది 1926లో. క్లోటిల్డే రాసిచ్చిన ఇల్లు 1932లో మ్యూజియం అయింది. తోటలో సగంలో ఆగిన ఆ బొమ్మ దాని సేకరణలోనే ఉంది.