దామనపల్లి ఘాట్, 24 సెప్టెంబరు 1922

రిటైరై నేను స్థిరపడిన మురుంగపాక్కంలో ఎటు చూసినా పల్లమే, ఏరూ సముద్రమూ తప్ప కొండ కనపడదు. ఇక్కడి పాత యుద్ధాలన్నీ కోటల ముట్టడులే. 1748లో ఇంగ్లీషు అడ్మిరల్ బోస్కావెన్ పుదుచ్చేరి మీదికి వచ్చి, మా పక్కనున్న అరియాంకుప్పం కోట దగ్గరే బోలెడు రోజులు పోగొట్టుకున్నాడు. మన తెలుగు మన్యంలో కోటలు లేవు. అక్కడ కొండే కోట. ఆ సంగతి చెప్పడానికి దామనపల్లి అనే చిన్న గిరిజన గ్రామం చాలు.

ఇది గూడెం కొత్తవీధి మండలంలో ఉంది. 1882 అటవీ చట్టం వచ్చాక పోడు వ్యవసాయానికి అడ్డంకులు పెరిగాయి. దానికితోడు నర్సీపట్నం నుంచి లంబసింగి వైపు రోడ్డు వేయిస్తూ గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ సరైన కూలి ఇవ్వకుండా గిరిజనులతో చాకిరీ చేయించాడు. ఆ కసే అల్లూరి సీతారామరాజు గారికి బలమైంది. గాం గంటం దొర, మల్లు దొర సోదరులు ఆయన పక్షాన నిలబడ్డారు.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసుస్టేషన్లు కొట్టారు. 26 తుపాకులు చేతికి వచ్చాయి. వరసగా మూడు రోజులు, మూడు స్టేషన్లు! కొండదారుల్లో నడిచి ఆ వేగం అంటే మాటలు కాదండీ, రూట్ మార్చ్ చేసినవాళ్లకి తెలుస్తుంది.

సరిగ్గా నెల తర్వాత స్కాట్ కవర్డు, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు పోలీసు అధికారులు బలగంతో దామనపల్లి ఘాట్ ఎక్కారు. దారి ఇరుకు, రెండు పక్కలా అడవి, ఒకరి వెనుక ఒకరు నడవాల్సిందే. పైన ఎత్తు మీద రాజు గారి మనుషులు పొంచి ఉన్నారు. ముందు నడిచిన మన దేశపు పోలీసులను పోనిచ్చారు. దొరలు ఎదురుగా రాగానే కాల్చారు. ఇద్దరూ అక్కడే చనిపోయారు.

అడ్వాన్స్ గార్డును వదిలేసి వెనకవాళ్లను కొట్టడం మనకు అంబుష్ పాఠంలో చెప్పేదే. కానీ తుపాకీ చేతిలో ఉండి, శత్రువు కాళ్ల కింద నడుస్తుంటే వేలు ట్రిగ్గర్ మీద ఆపుకోవడం కష్టం. ట్రైనింగ్ పొందిన జవాన్లే తొందరపడతారు. నెల కిందట తుపాకీ పట్టినవాళ్లు ఆగారు. నన్నడిగితే ఆ రోజు గెలిపించింది గురి కంటే ఆ క్రమశిక్షణే. ఎత్తుల మీద పికెట్లు పెట్టకుండా బలగాన్ని ఘాట్ ఎక్కించింది మాత్రం దొరల తప్పు.

ఆ తర్వాత మలబార్ పోలీసులు వచ్చారు, 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ దిగింది. తిండి అందకుండా ఊళ్లను కట్టడి చేశారు. శిక్ష పన్నులు వేశారు. 1924 మే 7న రాజు గారిని మంప దగ్గర పట్టుకున్నది ఈస్ట్ కోస్ట్ స్పెషల్ పోలీసు జమేదారు ఒకరు. సైన్యంలో ఆ జమేదారు ర్యాంకే 1965 నుంచి మన నాయబ్ సుబేదారు. అది చదివినప్పుడల్లా నాకు మనసు అదోలా అవుతుంది. అదే రోజు కొయ్యూరులో రాజు గారిని కాల్చేశారు.

చనిపోయిన ఆ ఇద్దరు అధికారుల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. ఘాట్ మీద పొంచి కూర్చున్నవాళ్లలో చాలామంది పేర్లు మాత్రం ఎక్కడా చెక్కలేదు. గంటం దొర 1924లోనే పోరులో పోయారు. మల్లు దొర జైలు, అండమాన్ చూసి వచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు.