గ్రాఫ్‌క్యూఎల్ గుమ్మంలో తెలుగు మాట

సొంత పుస్తకాల పట్టిక కోసం నేను రాసుకున్న చిన్న ప్రోగ్రాం ఒకనాడు "తెలుగు" అన్న మాటను తిరస్కరించింది. పుస్తకం పేరులో అక్షరాలే ఉండాలని నాకే బుద్ధి చెప్పింది. ఆ నియమం రాసినవాణ్ణి నేనే కనుక కోపగించుకోవడానికి మరెవరూ లేరు. కారణం వెతుకుతూ ఈ తనిఖీల పుట్టుపూర్వోత్తరాల దాకా వెళ్ళాను.

2012లో ఫేస్‌బుక్ సంస్థ తన ఐఫోన్ అనువర్తనాన్ని కొత్తగా నిర్మించుకునే సందర్భంలో లీ బైరన్, నిక్ ష్రాక్, డాన్ షేఫర్ గ్రాఫ్‌క్యూఎల్ అనే ప్రశ్నాభాషను రూపొందించారు. 2015లో అది అందరికీ అందింది. అడిగేవారు తమకేమి కావాలో తామే రాసి పంపుతారు. సర్వరులో ఒక్కొక్క ఫీల్డుకు జవాబు తెచ్చే ఫంక్షన్ రిజాల్వర్. దాన్ని పిలవకముందే స్కీమా తనిఖీ చేస్తుంది: సంఖ్య ఉండవలసిన చోట స్ట్రింగు వచ్చిందా, తప్పనిసరి ఫీల్డు లోపించిందా, లేని ఫీల్డు చేరిందా? ఇంతటి కాపలా చూసి గుమ్మం భద్రమనే నమ్మాను.

అయితే స్కీమా చూసేది ఆకారాన్నే. వయసు మైనస్ 5 అన్నా అది పూర్ణసంఖ్యే. ఖాళీ స్ట్రింగు కూడా స్ట్రింగే. పైగా దాని పూర్ణసంఖ్య 32 బిట్లది, 2147483647 దాటదు. మన పదంకెల మొబైలు నంబరు అందులో పట్టనే పట్టదు. నంబరు అని పిలుస్తున్నాం గాని, కూడికలు తీసివేతలు చేయనిది సంఖ్య ఎందుకవుతుంది?

అర్థం చూసే భారం రిజాల్వర్ మీద పడింది. మొదట్లో అవే షరతులను ప్రతి రిజాల్వర్‌లోనూ రాసేవాణ్ణి. ఒకచోట దిద్ది మరొకచోట మరిచేవాణ్ణి. 2017లో పోలెండ్‌కు చెందిన కమిల్ మిష్లివియెత్స్ విడుదల చేసిన నెస్ట్‌జేఎస్‌లో ఈ పనికి రిజాల్వర్ ముందే 'పైప్' అనే మెట్టు ఉంది. టైప్‌స్క్రిప్ట్ రకాలు జావాస్క్రిప్టుగా మారేసరికి చెరిగిపోతాయి. కనుక ఇన్‌పుట్‌ను క్లాసుగా రాసి, ఫీల్డుల మీద డెకరేటర్లు తగిలిస్తే, క్లాస్-వ్యాలిడేటర్ వాటిని చదివి తీర్పు చెబుతుంది. ఇందులోనూ ఒక మెలిక ఉంది. ఐచ్ఛికమని చెప్పే డెకరేటర్, ఫీల్డు పంపకపోయినా నల్ పంపినా ఒకే తీరున వదిలేస్తుంది. గ్రాఫ్‌క్యూఎల్‌కు ఆ రెండూ వేరు. సవరణ చేసే రిజాల్వర్‌లో ఈ తేడా మరిస్తే, ఉన్న వివరం కాస్తా తుడిచిపెట్టుకుపోతుంది.

ఇక నా తప్పు. జావాస్క్రిప్టు 2018 ప్రమాణంలో యూనికోడ్ వర్గాలను బట్టి వెతికే వీలు వచ్చింది. నేను 'అక్షరం' అన్న వర్గాన్ని, ఖాళీని మాత్రమే అనుమతించాను. "తెలుగు"లో త, ల, గ అక్షరాలే. ఎత్వమూ రెండు కొమ్ములూ 'చిహ్నాలు' అనే వేరే వర్గం. మన గుణింతమంతా, పొల్లుతో సహా, అక్కడే ఉంది. చిహ్నాలను చేర్చాక "తెలుగు" లోపలికి వచ్చింది గాని "సాఫ్ట్‌వేర్" రాలేదు. అందులో ట-కారపు పొల్లుకూ వే-కూ నడుమ కంటికి కనబడని విభాజకం ఒకటుంది. అది రెండు వర్గాలలోనూ లేదు. దాన్నీ విడిగా చేర్చాను. "శ్రీ" మనకు ఒక్క అక్షరమే, యంత్రపు లెక్కలో నాలుగు. నిడివి పరిమితిని 40 నుంచి 150కి పెంచాను.

ఆ మూడు మాటలూ ఇప్పుడు నా పరీక్షల జాబితాలో మొదటి వరుసలో ఉన్నాయి.