పాడే పోటీ – పాట పోటీ: స్మిత పాప్ ప్రస్థానం నేపథ్యంగా ఒక పరిశీలన

‘ఆడు’ ధాతువు నుండి ‘ఆట’ ఏర్పడినట్లే ‘పాడు’ నుండి ‘పాట’ ఏర్పడింది. పాడే క్రియకూ, పాడబడే రచనకూ తెలుగులో పేరు ఒకటే. అందువల్ల ‘పాటల పోటీ’ అన్నప్పుడు పోటీ పడుతున్నది గాయకులా, పాటలా అన్న ప్రశ్న సాధారణంగా తలెత్తదు. ఇటలీలో 1951లో మొదలైన సాన్‌రెమో ఉత్సవంలోనూ, దాని ప్రేరణతో 1956లో ఆరంభమైన యూరోవిజన్‌లోనూ ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానం ఉంది. అక్కడ పోటీ కొత్త పాటల మధ్య జరుగుతుంది. 1974లో స్వీడన్‌కు చెందిన అబ్బా బృందం యూరోవిజన్‌లో గెలిచిన పాటకు బాణీ కట్టి, ముద్రణను నిర్వహించిన బెన్నీ, బ్యోర్న్ ఇద్దరూ ఆ బృంద సభ్యులే. తెలుగులో పోటీ వేదిక గాయకులను తయారుచేసింది గాని పాటకర్తలను తయారుచేయలేదు. తెలుగు పాప్ సంగీతంలో ప్రముఖ గాయని స్మిత ప్రస్థానాన్ని ఈ భేదం దృష్ట్యా చూస్తే కొన్ని విషయాలు తేటపడతాయి.

తెలుగు సంప్రదాయానికి రచనా స్పర్ధ కొత్తది కాదు. అవధానం, ఆశుకవిత్వం సభలో అప్పటికప్పుడు కొత్త రచన చేయగల శక్తికి పరీక్షలు. తిరుపతి వేంకట కవులు ఊరూరా గెలిచింది ఇతరుల పద్యాలు చదివి కాదు. సంగీతంలోనూ ఈ అవకాశం ఒకప్పుడు కొంత ఉండేది. 1960ల తొలి సంవత్సరాల్లో మద్రాసులో జరిగిన ఒక పోటీలో యువకుడైన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తానే రాసి, తానే బాణీ కట్టుకున్న పాట పాడి ప్రథమ బహుమతి పొందారని ఆయన జీవితం గురించి రాసినవారు చెబుతారు. ఎస్.పి. కోదండపాణి దృష్టిలో ఆయన పడినది ఆ సందర్భంలోనే. 1966లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’తో సినీరంగ ప్రవేశం దాని ఫలితం. అదే కాలంలో ఆకాశవాణి ‘ఈ మాసపు పాట’ వంటి కార్యక్రమాల ద్వారా సినిమాతో సంబంధం లేని లలితగీతానికి శ్రోతలను సిద్ధం చేసింది.

సొంత పాటతో బహుమతి పొందిన బాలసుబ్రహ్మణ్యమే 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’కు సారథి అయ్యారు. ఆ వేదిక మీద పోటీదారు పాడవలసినది ప్రధానంగా సినిమా పాట. దీనిని లోపంగా మాత్రమే చూడటం సరికాదు. శ, ష, స భేదం, ణకార ళకారాల ఉచ్చారణ, పాదం ఎక్కడ విరవాలన్న వివేచన, రచయిత పేరు చెప్పి పాడటం వంటి నియమాలను ఇంత పట్టుదలగా పాటించిన ప్రసార కార్యక్రమం తెలుగులో అరుదు. పాట సాహిత్యాన్ని శ్రోతల చర్చలోకి తెచ్చినందుకు తెలుగు శాఖలు కూడా ఈ కార్యక్రమానికి రుణపడి ఉన్నాయి. అయితే ఆ కొలమానం పనిచేయాలంటే మూలం అందరికీ తెలిసి ఉండాలి. ఘంటసాల పాడిన తీరు, సుశీల పాడిన తీరు శ్రోత చెవిలో ముందే ఉంటాయి. పోటీదారును వాటితో పోల్చి తూస్తారు. కొత్త పాటకు ఈ తూకంలో చోటు లేదు.

విజయవాడకు చెందిన స్మిత ఈ కార్యక్రమపు తొలి దశలో పోటీదారు. ఉష, మల్లికార్జున్, గోపికా పూర్ణిమ వంటివారు ఇదే వేదిక నుండి నేపథ్యగానంలోకి వెళ్లారు. అది ఆ వేదిక సహజంగా చూపిన దారి. స్మిత మాత్రం 2000లో ‘హాయ్ రబ్బా’ ఆల్బమ్‌తో తన పేరుతో, తన రూపంతో శ్రోతల ముందుకు వచ్చారు. నేపథ్యగాయని తెర వెనుక ఉంటుంది, పాప్ గాయని తానే తెర మీద ఉంటుంది. తెలుగులో ఈ స్థానభ్రంశం చిన్నది కాదు. కానీ ఆమెకు విశేష ప్రచారం తెచ్చిన వాటిలో ముఖ్యమైనది ‘దేవుడు చేసిన మనుషులు’ (1973) చిత్రానికి రమేష్ నాయుడు స్వరపరచగా ఎల్.ఆర్. ఈశ్వరి పాడిన నృత్యగీతపు రీమిక్స్. తూకం మారినా తూచే సరుకు మారలేదు. పోటీ వేదిక మీద మూలానికి విధేయత గుణం, రీమిక్స్‌లో మూలం నుండి ఎడంగా జరగటం గుణం. రెండింటికీ ఆధారం సినిమా పాటే.

2017లో ఆమె చేసిన ‘బాహా కిలికి’ ఈ విషయాన్ని మరింత ఆసక్తికరంగా చూపుతుంది. ఇది పాత పాటకు కొత్త రూపం కాదు. అయితే దీని భాష ‘బాహుబలి’ (2015)లో కాలకేయుల కోసం మదన్ కార్కి కల్పించిన కిలికి. స్వతంత్ర గీతం కూడా తన పదజాలాన్ని సినిమా నుండే తెచ్చుకుంది. దీనిని స్మిత వ్యక్తిగత పరిమితిగా లెక్కించడం అన్యాయం. లలితగీతానికి ఆకాశవాణి ఇచ్చిన నీడ వంటిది పాప్ గీతానికి ఏ సంస్థా ఇవ్వలేదు.

జాతీయ స్థాయి పోటీలు ఈ స్థితిని మార్చలేదు. ఇండియన్ ఐడల్‌లో కారుణ్య 2006లో రెండవ స్థానంలో నిలిచారు, శ్రీరామచంద్ర 2010లో, రేవంత్ 2017లో విజేతలయ్యారు. నిర్ణయం ప్రేక్షకుల ఓట్లకు మారింది, పాడిన పాటలు హిందీ సినిమావి అయ్యాయి, అంతే. బాలసుబ్రహ్మణ్యం మరణానంతరం ఎస్.పి. చరణ్ నడిపిన ‘పాడుతా తీయగా’లో గీత రచయిత చంద్రబోస్ న్యాయనిర్ణేతగా కూర్చున్నారు. రచయిత వేదిక మీదకు వచ్చినా, ఆయన తీర్పు చెప్పవలసినది గానం మీదే.

2023 మార్చి 12న జరిగిన 95వ ఆస్కార్ ఉత్సవంలో ఉత్తమ మౌలిక గీత పురస్కారం ‘ఆర్ఆర్ఆర్’ చిత్రంలోని ‘నాటు నాటు’కు దక్కింది. నియమాల ప్రకారం దానిని అందుకున్నవారు స్వరకర్త కీరవాణి, రచయిత చంద్రబోస్. పాట పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ అదే వేదిక మీద దానిని ప్రదర్శించారు, పురస్కారం వారిది కాదు. రాహుల్ హైదరాబాద్ పాతబస్తీ పరిసరాల నుండి వచ్చి, సొంతంగా రాసి, పాడి, వీడియోలు తీసి పేరు తెచ్చుకున్న పాప్ గాయకుడు. ఆయన స్వతంత్ర గీతాలను తూచిన తెలుగు పోటీ ఏదీ లేదు. తెలుగు పాటకు అత్యున్నత ప్రపంచ గుర్తింపు తెచ్చిన పోటీ మాత్రం గాయకుణ్ణి కాక పాటను తూచేది.